ఇంకొక్క బంద్

"ముంచిండ్రు. మీరంత కలిసి నన్ను నిండ ముంచిండ్రు."

పుప్పాలగూడ చౌరస్తాలో గులాల్ చల్లుకుంటున్న జనం మధ్య నిలబడి ఓదెలు అన్న మాట ఇది. అన్నది కూడా బస్తీ జేఏసీ కన్వీనర్ భాస్కర్ ముఖం మీద.

ముందురోజే రాజ్యసభలో తెలంగాణ బిల్లు పాసైంది. పొద్దున్నే డీజే వచ్చింది. లడ్డూలు వచ్చాయి. నాలుగేళ్లలో ఒక్క ధర్నాకూ రాని పెద్దమనుషులు ముందు వరుసలోకి వచ్చారు.

భాస్కర్ నోట్లో లడ్డూ ఆగిపోయింది.

"తెలంగాణ వచ్చిందిర ఓదెలూ. నిన్నెవడు ముంచిండు?"

"వచ్చింది, సంతోషం. ఇయ్యాల్టికి బంద్ పిలువు."

"ఎందుకురా?"

"ఎందుకో ఒకందుకు. నాలుగేండ్లు కారణాలు దొరికినయి, ఇయ్యాలొక్కటి దొరకదా?"

అందరూ నవ్వారు. ఓదెలు నవ్వలేదు. వాచీ చూసుకున్నాడు. తొమ్మిది దాటి పది నిమిషాలు. పది గంటలకు చౌరస్తా అవతల మధుసూదన్ వైన్స్ షాపు షటర్ లేస్తుంది. అది లేవకూడదు. అతనికి కావలసింది అంతే.

ఓదెలు మంథని నుంచి వచ్చిన మనిషి. నానక్‌రామ్‌గూడలో ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. బస్తీలో మాత్రం బంద్ ఓదెలు. బంద్ అంటే చాలు, తెల్లారేసరికి జెండా పట్టుకుని వైన్స్ ముందు ఉండేవాడు. డ్యూటీ ఎగ్గొడితే ఉద్యోగం పీకేస్తానని సూపర్‌వైజర్ బెదిరించినా వినలేదు. తక్కిన నాయకులు టీవీ కెమెరా ఎక్కడుంటే అక్కడికి పోయేవారు. ఇతను షటర్‌కు వీపు ఆనించి రోజంతా కూర్చునేవాడు. చేతులు వణికేవి. చొక్కా చెమటతో తడిసేది. నీళ్లిస్తే గ్లాసు పళ్లకు టకటకా కొట్టుకునేది.

"చూడుండ్రి, ఉద్యమమంటే గట్ల నరాలల్ల ఉండాలె" అని భాస్కర్ అతన్ని చూపించి ఉపన్యాసం దంచేవాడు.

ఇరవై నాలుగు గంటల బంద్ అంటే డెబ్బై రెండు చెయ్యమని మీటింగుల్లో కొట్లాడేవాడు ఓదెలు. ఒక బంద్ నాడు భాస్కరే వెనక తలుపు నుంచి సీసా తెప్పించుకుంటే, లాక్కుని రోడ్డుకేసి పగలగొట్టాడు. మధుసూదన్ కర్నూలు మనిషి కాబట్టి ఓదెలుకు పగ అని బస్తీ తేల్చేసింది.

ఒక్కసారే ఊరేగింపు అతన్ని షాపు ముందు నుంచి మణికొండ దాకా లాక్కుపోయింది. అక్కడ కౌన్సెలింగ్ సెంటర్ అని బోర్డు కనపడితే ఎంసెట్ సీట్ల వ్యవహారం అనుకుని మూయించడానికి అందరూ ఎగబడ్డారు. లోపల ర్యాంకులూ లేవు, పిల్లలూ లేరు. మనుషుల మనసు బాధలు వినే లావణ్య అనే అనంతపురం మేడం ఉంది. ఆమె ఎదురుగా మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒక సారు గుండె పట్టుకుని ఏడుస్తున్నాడు. ఓదెలు రోజూ గేటు దగ్గర సెల్యూట్ కొట్టే సారే. ఇద్దరూ చూపు తిప్పుకున్నారు.

షటర్ దించుతూ ఆమె ఓదెలు చేతుల వంక చూసింది.

"ఈ వణుకు ఎన్నాళ్ల నుంచన్నా?"

"ఆవేశం."

"సరే. ఆవేశం తగ్గకపోతే ఒకసారి రాన్నా" అని కార్డు ఇచ్చింది.

సీమ మేడం కార్డు మనకెందుకు, చింపెయ్యమన్నాడు భాస్కర్. ఓదెలు జేబులో పెట్టుకున్నాడు.

తొమ్మిదీ ఇరవై. మధుసూదన్ తాళంచెవుల గుత్తి ఊపుకుంటూ వచ్చాడు. ఓదెలు అప్పటికే షటర్ ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగన్నా. ఈ పొద్దు బంద్ లేదు గదా. అయినా నా మీద ఏం పగ నీకు? ఎప్పుడన్నా నిన్ను తక్కువ చూసినానా? ఎంత గుంపులో ఉన్నా పేరు పెట్టి పిలుస్తా గదా."

"అదే నా కర్మ" అన్నాడు ఓదెలు.

భాస్కర్ మైకు అందుకున్నాడు. "ఇయ్యాల బస్తీకంత నా దావత్. పది గంటలకు షాపు తెరుసుడే ఆలస్యం. మొదటి సీసా మన బంద్ ఓదెలుకే. ఇన్నేండ్ల త్యాగానికి సన్మానం."

చప్పట్లు మోగాయి. ఎవరో మెడలో దండ వేశారు. ఓదెలు ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"సన్మానం నీ నెత్తికి రుద్దుకో" అని దండ తెంపి, జెండా కర్ర భుజాన వేసుకుని మణికొండ రోడ్డు పట్టాడు.

"తెలంగాణ వస్తే ఏడుస్తుండు. ఎవని మనిషిరా వీడు?" అన్నారు వెనక నుంచి.

ఆటో కూడా ఎక్కలేదు. ఉరికినట్టే నడిచాడు. చేతిలో మేడం ఇచ్చిన పాత కార్డు నలిగిపోయింది.

లావణ్య అప్పుడే సెంటర్ తెరిచి కూర్చుంది. గుమ్మంలో జెండా కర్ర చూడగానే లేచి, అలవాటుగా షటర్ వైపు నడిచింది.

"రాష్ట్రం ఇచ్చేసిరి గదన్నా. ఇంకా బందేనా?"

ఓదెలు కర్ర మూలకు పెట్టాడు. లోపలికి వచ్చాడు. తనే చేయెత్తి షటర్‌ను లోపలి నుంచి కిందిదాకా దించి, దానికి వీపు ఆనించి కూలబడ్డాడు.

"నాలుగేండ్ల సంది బంద్ దినాలల్లనే తాగకుండ ఉన్న, మేడం. ఇగ బంద్‌లు లెవ్వు, పది కొడుతుంది, గా షాపు తెరవకముందే నన్ను ఏదన్న దవాఖానల చేర్పియ్యి."