పొద్దున్నే పడే స్విచ్

"మళ్ళ పడ్డది," అంది సరళ, మీటరు పక్కనున్న ట్రిప్ స్విచ్ వంక చూస్తూ.

గీజర్‌లో నీళ్ళు చల్లగా ఉన్నాయి. బాత్రూంలో కూతురు భార్గవి చెంబు పట్టుకుని వణుకుతోంది. బడి బస్సు వచ్చే వేళయింది.

"అంతా మీ అన్న నిర్వాకం," అన్నాడు భర్త జగదీష్, కాళ్ళకంటిన బురద కడుక్కుంటూ. రోజూ అందరికంటే ముందే లేచి, మక్కచేలో పందులు పడ్డాయేమో చూసి వస్తాడతను. చేను ఇంటి వెనకే. ఆ తర్వాత అంతా అడవే. "కాలనీ క్వార్టర్లల్ల పీకేసిన పాత స్విచ్ తెచ్చి మనకు తగిలించిండు."

సరళకి ఆ మాట చురుక్కుమంది. అన్న కోటేష్ మణుగూరు కాలనీ క్వార్టర్లలో ఎలక్ట్రీషియన్. అమ్మానాన్నలు పోయాక తనని పెంచి పెద్దచేసింది అతనే. గీజర్ పెట్టినప్పుడు ఎర్తింగ్ గుంత కూడా ఎవరినీ పిలవకుండా తనే తవ్వాడు. బాత్రూంలో ప్లగ్గు చేను వైపు గోడకే కావాలని జగదీష్ పట్టుబడితే, నీళ్ళు చిందని చోటు వెతికి మరీ బిగించాడు. అలాంటివాడు పాత సరుకు అంటగడతాడా?

ఫోన్ చేయగానే కోటేష్ వచ్చాడు. మీటరు నుంచి గీజర్ దాకా అన్నీ పరీక్షించాడు.

"స్విచ్ మంచిగనే ఉన్నది చెల్లె. పడ్డదంటే కరెంటు ఎక్కడనో భూమిలకు పోతున్నట్టు."

"నువ్వున్నప్పుడు పడదు. పొద్దుగాల మాత్రం పడి ఉంటది. గిదేం స్విచ్ అన్నా?"

"కొత్తది. నా చేతులతోనే డబ్బా విప్పిన."

"ఆ డబ్బా నేను చూడలే కద."

కోటేష్ చెల్లెలి మొహంలోకి చూశాడు. "గీ మాట బావ అన్నడా?"

"నేనే అంటున్న."

అతను టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

స్విచ్ మాత్రం పడుతూనే ఉంది. చివరికి జగదీష్ ఎవరినో తీసుకొచ్చి దాన్ని పీకించాడు.

"నేరుగ కలిపించిన. ఇంక పడేదేం లేదు," అన్నాడు.

మర్నాడు నీళ్ళు పొగలు కక్కుతూ వచ్చాయి. భార్గవి సంబరంగా స్నానం చేసింది. సరళకి మాత్రం ఏడుపు ఆగలేదు. అంటే స్విచ్‌దే లోపమన్నమాట. తోడబుట్టినవాడే ఇంత మోసం చేస్తే ఇంకెవరిని నమ్మాలి? కళ్ళు తుడుచుకుని కోటేష్‌కి ఫోన్ చేసింది.

"నీ స్విచ్ తీయించినం. ఇప్పుడు ఏ బాధా లేదు. ఇంక మా గడప తొక్కకు."

"తీసేసిన్రా? అది మనిషి పానానికి కాపలా, సరళా. నన్ను ఎంతన్న తిట్టు. పిల్లని మాత్రం గీజర్ దగ్గరికి పోనియ్యకు. పొద్దుగాల వచ్చి కొత్తది పెట్టిపోత."

"రావద్దు," అని పెట్టేసింది.

మర్నాడు తెల్లవారుజామున ఇంకా మసక చీకటిగానే ఉంది. స్విచ్ గొడవ తీరినందుకేమో, జగదీష్ ఆ రోజు లేవనే లేదు. రోడ్డు మీద బండి ఆగిన చప్పుడైంది. కోటేష్ అడ్డదారిన, చేను గట్టు మీదుగా వస్తున్నాడు. గుమ్మం దాకా రానివ్వకూడదని సరళ చెప్పులైనా వేసుకోకుండా ఎదురెళ్ళింది.

"వద్దన్న కద అన్నా, మళ్ళెందుకొచ్చినవ్?"

"ఆగు. ఆడనే నిలబడు. ఒక్క అడుగు కూడ వెయ్యకు."

అన్న గొంతులో అంత భయం ఆమె ఎన్నడూ వినలేదు. ఆగిపోయింది. ఇద్దరి మధ్య తడి గడ్డిలో ఒక అడవిపంది కాళ్ళు చాచి చచ్చి పడి ఉంది. దాని మూతికి ఆనుకుని, చిన్న చిన్న కర్రలకు కట్టిన ఇనుప తీగ చేను పొడుగునా సాగింది.

"కరెంటా?" సరళ చెప్పుల్లేని తన కాళ్ళ వంక చూసుకుంది. "ఇంకొంచెముంటే నువ్వు... నేను... ఎవరి పని అన్నా ఇది?"

కోటేష్ చెల్లెలి మొహం చూడలేక తల దించుకున్నాడు. సరళ ఆ తీగ వెంటే చూపు నడిపింది.

అది తన బాత్రూం గోడలోంచి వస్తోంది.