వరసలో మొలిచిన శనగలు

"పక్షులైతే ఇలా వరసలో విత్తవు కదా ఆంటీ" అంది తనిఖీకి వచ్చిన తెలుగమ్మాయి.

ఈ పరాయి దేశంలో ట్రుగనీనా అనే ఊరు దాటాక ఉన్న ఆ పొలంలో స్థానిక గడ్డిని కాపాడుతున్నందుకు ప్రభుత్వం శ్యామసుందరికి ఏటా డబ్బిస్తోంది. దున్నకూడదు, విత్తకూడదు, అదే షరతు. ఇప్పుడా గడ్డి మధ్య తాడు పట్టి గీసినట్టు శనగ మొక్కలు. వంటింటి డబ్బాలో శనగలు ఎందుకు తగ్గాయో ఆమెకి అప్పుడర్థమైంది.

"ఇవాళే పీకేస్తే క్లియర్ అని రాసేస్తాను. లేకపోతే పేమెంట్ ఆపేస్తారు. సారీ ఆంటీ, రూల్ నా చేతిలో లేదు."

శ్యామసుందరి వంగి ఒక్కొక్కటే పీకింది. భర్త రాజారావుని కనిపెట్టుకుని ఉండే నర్సుకి జీతం ఆ డబ్బులోంచే ఇవ్వాలి.

కారు వెళ్ళిపోయాక రాజారావు నీళ్ళ చెంబుతో ఇంట్లోంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళు చేసిన డాక్టరు ఉద్యోగం ఆయనకి గుర్తులేదు. భార్య పేరూ గుర్తులేదు. ఖాళీ చాలు దగ్గర మాత్రం సరిగ్గా ఆగాడు.

శ్యామసుందరి మట్టి చేతులు కోటు జేబుల్లో దాచుకుంది.

"చూడమ్మా, నా శనగలు ఎవరో పీకేశారు" అన్నాడాయన, కళ్ళనీళ్ళతో. "మా నాన్నకేం చెప్పను?"