ఎనిమిది ముక్కల ట్రాకు

“ఈ ముక్క వెడల్పెంత?” మెడలో వేలాడుతున్న టేపు తీస్తూ అడిగింది భార్య.

డ్రాయింగు మాస్టారి చేతిలో రంపం ఆగిపోయింది. ట్రాకు గురించి ఆవిడ నోరు విప్పి మూడేళ్లయింది.

“రెండడుగులు. పొడవు నాలుగు. మొత్తం ఎనిమిది ముక్కలు,” అన్నాడు, ఆవిడ ఎక్కడ లోపలికి వెళ్లిపోతుందోనన్న తొందరలో.

మూడేళ్ల కిందట, ఇంట్లో వెలుతురున్న ఒకే ఒక్క గదిలో బొమ్మ కార్ల పందేల కోసం ఇంత పెద్ద ప్లైవుడ్ బల్ల బిగించాడాయన. బల్ల మీద నాలుగు గాడులు, గాడికి అటూ ఇటూ రాగిపట్టీ, పట్టీలో కరెంటు. చేతిలో మీట నొక్కితే కారు గాడి పట్టుకుని దూసుకుపోతుంది. అంతకు ముందు ఆ గదిలో ఉన్న కుట్టుమిషను వంటింటి మూలకి పోయింది. కొత్త బట్టలకి నూనె వాసనేమిటని గిరాకీ పలచబడింది. అయినా భార్య ఒక్క కారుకూత కూయలేదు. వీధిలో అందరి బట్టలకీ కుట్లు వేసే మనిషి తన నోటికీ వేసుకుంది. మాస్టారి దృష్టిలో కారు లేనివాళ్లు మనుషులే కారు గనక, ఆ సంగతి కనిపెట్టడానికి ఆయనకి చాలాకాలం పట్టింది. కనిపెట్టాక భయం పట్టుకుంది.

అందుకే ఇప్పుడీ కోత. ట్రాకు ముక్కలైతే పందెం ఎక్కడుంటే అక్కడికి మోసుకుపోవచ్చు, మిగతా రోజులు బొమ్మ కార్ల క్లబ్బులో పడుంటుంది. గది ఆవిడకి తిరిగొస్తుంది. గదితో పాటు మాటలూ తిరిగొస్తాయని, ట్రాకు విడిపోతే కాపురం అతుక్కుంటుందని ఆయన ఆశ.

“ఒక్కరు మోయగలరా?”

“ఇద్దరుండాలి.”

“ఒక్కరికే సరిపోయేలా చెయ్యండి. ఎప్పుడూ పక్కన ఇంకొకరు ఉంటారనేముంది?”

తన నడుము మీద ఆవిడకెంత శ్రద్ధో అనుకున్నాడు మాస్టారు. పలచటి చెక్క తెచ్చి, అంచులకి పిడులు బిగించాడు.

మర్నాడు అతుకుల దగ్గర కార్లు ఎగిరిపడ్డాయి.

“కలపకముందే రెండంచులూ సరిచూసుకోవాలి. కలిపాక లాగి సాగదీస్తే ఏం లాభం?” అంది ఆవిడ.

మళ్లీ చిత్రిక పట్టాడు. కార్లు నున్నగా జారిపోయాయి. కాపురం కూడా గాడిలో పడిందని మాస్టారు ఈల వేశాడు. ఆవిడ ముక్కకో కాన్వాసు సంచి కుట్టి, మీద ఎర్రదారంతో అంకె వేసింది. ఇందులో ఏ మడతపేచీ ఉంటుందని?

సాయంత్రం క్లబ్బు సెక్రటరీ వచ్చాడు. “మన క్లబ్బు వెనక గది ఖాళీ చేయించాను చెల్లెమ్మా.”

“ఫ్యానుందా అన్నయ్యా?”

“ఉంది.”

“వానొస్తే కారుతుందా?”

“కార్లుండే గది కారితే ఎలాగమ్మా?”

మాస్టారు పగలబడి నవ్వాడు. చెమ్మ తగిలితే రాగిపట్టీ లేచిపోతుందని ఈవిడకీ తెలిసిపోయిందే!

పందెం రోజు పొద్దున్నే వ్యాను వచ్చింది. సంచులన్నీ భార్యే గుమ్మం దాకా మోసిపెట్టింది.

“నువ్వూ రా. మొదటి మీట నువ్వే నొక్కాలి,” అన్నాడు మాస్టారు.

“మీరు పదండి. నాకు గది సర్దుకునే పనుంది.”

లోపల కుట్టుమిషను ఈడ్చిన చప్పుడైంది. ఆ చప్పుడు మాస్టారికి సన్నాయిలా వినిపించింది.

“తొమ్మిది సంచులూ ఎక్కించేశాను సార్,” అన్నాడు డ్రైవరు.

“ఎనిమిదయ్యా. సరిగ్గా లెక్కపెట్టు.”

“మీరే చూసుకోండి.”

మాస్టారు వ్యాను ఎక్కి చూశాడు. అదే కాన్వాసు, అదే ఎర్రదారం, పొందికగా తొమ్మిది అంకె. తాను చేసిన ముక్కలు ఎనిమిదే. ఆయన వెనక, ఇంటి వీధి తలుపుకి లోపలి నుంచి గడియ పడింది. ఆయన ముడి విప్పాడు.

లోపల ఆయన బట్టలున్నాయి.