ట్యాంకు మూత

సుబ్బరాయుడి బుల్లెట్ మళ్లీ ఆగింది.

పెనుకొండ దాటి ధర్మవరం దారిలో, వేరుశనగ చేల మధ్య, బాగా వస్తున్నదల్లా రెండుసార్లు దగ్గి ఊరుకుంది. వెనకే వస్తున్న జాన్, యల్లప్ప తమ బండ్లు పక్కకు తీశారు. సురేంద్ర అందరికంటే ముందు దిగాడు.

"నువ్వు చూడప్పా సురేంద్రా," అని సుబ్బరాయుడు రోడ్డు పక్క వేపచెట్టు కిందికి పోయి కూలబడ్డాడు.

ఈ హిందూపురం బుల్లెట్ల జట్టులో ఒక కట్టుబాటు ఉంది. ఆగిన బండి మీద ఒక్కడి చెయ్యే పడాలి. నలుగురూ నాలుగు వైపుల నుంచి విప్పితే బండి గోతాంలో ఇంటికి చేరుతుందని వాళ్ల అనుభవం. సుబ్బరాయుడి బండికి ఆ ఒక్కడు సురేంద్ర. అతను పానా పట్టుకున్నాడంటే మిగతావాళ్లు బీడీలు వెలిగించి కబుర్లలో పడతారు. దగ్గరికి కూడా రారు.

సురేంద్రకు కలిసొచ్చింది అదే. ఇప్పుడు అతన్ని తినేస్తున్నదీ అదే. బండి ఎందుకు ఆగిందో అతనికి తెలుసు. పొద్దున దాన్ని పాడు చేసింది తనే మరి.

సుబ్బరాయుడు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. అరవై నాలుగులో కొన్న బండి అది. మొన్న తొంభై ఆరులో ఆయన రిటైరయ్యాడు గానీ అది కాలేదు. సురేంద్ర బడి మైదానంలో క్లచ్ వదలడం నేర్చుకుంది దాని మీదే, ఆయన చేతి కిందే. వచ్చే నెల జట్టంతా కలిసి ఊటీ పోవాలని మాస్టారి కోరిక. ఆదివారం ఆదివారం ధర్మవరం దాకా పోయి రావడం దానికి తయారీ.

ఒకరోజు ఆయన భార్య నారాయణమ్మ సురేంద్రను వంటింట్లోకి పిలిచింది.

"మీ సారుకు గుండె బాగలేదంట. బండి ఎక్కొద్దని డాక్టరు చెప్పినాడు. ఆయప్ప నా మాట వింటాడా? నాకేం రోగం, గుండ్రాయి మాదిరి ఉండానంటాడు. ఆ బండే మొరాయిస్తే బాగుండు సురేంద్రా," అని కళ్లొత్తుకుంది.

ఆ వారమే మొదలుపెట్టాడు. పెట్రోలు ట్యాంకు మూతకు గాలి ఆడడానికి సన్నని రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే కొంత దూరం పోయాక పెట్రోలు కిందికి దిగదు, ఇంజను ఆగిపోతుంది. మూత తీసి చూస్తే గాలి దూరి మళ్లీ నడుస్తుంది. రోగం ఎవరికీ దొరకదు. పొద్దున మాస్టారు లోపల బూట్లు వేసుకుంటుంటే, సురేంద్ర వాకిట్లో చిటికెడు కొవ్వొత్తి మైనం ఆ రంధ్రంలో కూరేస్తాడు. తర్వాత మాస్టారు వచ్చి మూత తీసి పెట్రోలు చూసుకుని, పాత పంచె ముక్కతో బండంతా తుడుచుకుంటాడు. ఆయన ఏమీ గమనించినట్టు కనిపించడు.

మనిషిని కాపాడుతున్నానని మొదట్లో తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. రాను రాను, బండి ఆగినప్పుడల్లా ఆయన ముఖం చూడలేకపోతున్నాడు.

ఇప్పుడూ అంతే. మాస్టారు చెట్టుకు ఆనుకుని, చొక్కా పైగుండీ విప్పి, కళ్లు మూసుకున్నాడు. ముఖం పాలిపోయింది. చెమటలు కారుతున్నాయి. పదిమందిలో తల దించుకోవాల్సి రావడం మనిషిని ఇంతగా కుంగదీస్తుందా అనుకున్నాడు సురేంద్ర. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఊటీ యాడికి సార్! ఈ బండి కొత్తచెరువు దాకా పోతే కొబ్బరికాయ కొట్టాల," అని నవ్వాడు యల్లప్ప.

మాస్టారు చెమట తుడుచుకున్నాడు.

సురేంద్ర ప్లగ్గు విప్పి, తుడిచినట్టు నటించి, బిగించాడు. ట్యాంకు మూత తీసి మళ్లీ పెట్టాడు. "అయిపోయింది సార్," అన్నాడు నేల చూస్తూ.

మాస్టారు నిదానంగా లేచి వచ్చాడు. ఎప్పటిలాగే ట్యాంకు పైనా కిందా ఆవును నిమిరినట్టు నిమిరాడు. ఆయన నిమిరాకే ఎవరైనా కిక్కు కొట్టాలి. అది ఆయన అలవాటు.

"ఇంగ కొట్టప్పా."

రెండో దెబ్బకు బండి అందుకుంది. కానీ మాస్టారు ఎక్కలేదు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి సురేంద్ర చేతిలో పెట్టాడు.

"సాలప్పా ఇంగ. ఊటీ మీరు పోయి రాండి. ఈ బండి నువ్వే పెట్టుకో. నేను జాన్ వెనకాల కూచ్చోని ఇంటికి పోతా."

జాన్ తెల్లబోయి చూశాడు. యల్లప్ప బీడీ పారేశాడు.

సురేంద్ర ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే. తీరా చేతికొచ్చాక తట్టుకోలేకపోయాడు. మాస్టారిని నాలుగడుగులు పక్కకు తీసుకుపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సార్, బండిలో ఏమీ లేదు సార్. ఆ మూతలో నేనే..."

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు. చొక్కా జేబులోంచి ఏదో తీసి అతని అరచేతిలో ఉంచాడు. గోలీకాయంత తెల్లటి మైనం ముద్ద.

"దీన్ని నేను ప్రతి వారం వాకిట్లోనే గీకేస్తా ఉంటి సురేంద్రా, రొమ్ములో నొప్పి లేసినప్పుడల్లా ట్యాంకు కిందుండే పెట్రోలు ట్యాపు తిప్పి బండి నిలుపుతా ఉన్నింది నేనే."