ఆమోసు పీచు

బ్రేకు ఇన్‌స్పెక్టరు జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి లారీ సైలెన్సరుకి అడ్డం పెట్టాడు.

రుమాలు నల్లబడింది.

"పో, పో! బాగు చేయించుకుని రా," అన్నాడు.

తనిఖీ వరసలో నాలుగో బండి బాలశౌరిది. చల్లపల్లి టాక్సీ. అతను భయంగా ఆ రుమాలు వంకే చూస్తున్నాడు.

భయం ఊరికే రాలేదు. డెబ్భై నాలుగులో పెట్రోలు ధర ఆకాశానికెక్కినప్పుడు, నలుగురితో పాటు తనూ అంబాసిడర్‌కి కిరసనాయిలు అలవాటు చేశాడు. సీటు కింద దొంగ డబ్బా, దానికో కుళాయి. స్టార్టు చేసేది పెట్రోలుతో, నడిపేది కిరసనాయిలుతో. నాలుగేళ్లు అలాగే గడిచింది. నిన్న ఆ డబ్బా పీకేసి నిఖార్సయిన పెట్రోలు పోసినా ఇంజను పొగ మానలేదు. ఇవాళ బండి బాగుందన్న కాయితం, ఎఫ్.సి., రాకపోతే టాక్సీ రోడ్డెక్కదు. కిరసనాయిలు సంగతి బయటపడితే పర్మిటే పోతుంది. స్టీరింగు తప్ప మరో పని తెలియని మనిషి అతను.

నిన్న బెజవాడ వన్ టౌన్‌లో మెకానిక్ యాసిన్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"ఎందుకంత హైరానా, భాయ్? ఆమోసు పీచు కూరతా," అన్నాడు యాసిన్.

కొబ్బరి పీచు తడిపి, ఉండ చుట్టి, సైలెన్సరు గొట్టంలోకి దట్టిస్తారు. మసంతా పీచుకి పట్టుకుంటుంది. రుమాలు తెల్లగా ఉంటుంది. గండం గడిచాక పీకిపారేయడమే. ఇవాళ పొద్దున్నే కూరి పంపాడు.

ఆమోసు ఎవరో యాసిన్‌కి తెలియదు. పేరు మాత్రం బందరు నుంచి బెజవాడ దాకా డ్రైవర్లందరికీ తెలుసు.

'ఎవరోగానీ పుణ్యాత్ముడు. ఆయన కడుపు చల్లగుండ!' అనుకున్నాడు బాలశౌరి.

చినుకులు మొదలయ్యాయి. వెనక సీట్లో ఆరేళ్ల కూతురు అమల నిద్రపోతోంది. పని కాగానే గుణదల మాత దగ్గర దానిచేత కొవ్వొత్తి వెలిగించాలని వెంట తెచ్చుకున్నాడు. తడుస్తుందని అద్దాలు ఎత్తేశాడు. ఇంజను ఆపితే మళ్లీ స్టార్టు కాదేమోనని ఆపకుండానే దిగి, వరస ఎంతవరకు కదిలిందో చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడొచ్చాడు ముసలాయన.

తలమీద గోనెసంచి. గోళ్ల సందుల్లో ఎన్నేళ్లదో నల్లటి మడ్డి. ఒక్కో బండి వెనకా వంగి సైలెన్సరులోకి తొంగి చూస్తున్నాడు. బాలశౌరి కారు దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"బాబూ, పీచు పెట్టావా?"

బాలశౌరి ఉలిక్కిపడి చూశాడు. ఇన్‌స్పెక్టరు మనిషా? బ్రోకరా?

"పీచేంటి? నీ దారిన నువ్వు పో!"

"ఇంజను ఆపు, నాయనా. లోపలెవరన్నా ఉన్నారా?"

"మా పాప పడుకుంది. మెల్లిగా మాట్లాడు పెద్దాయనా, నీకు దణ్ణం పెడతాను."

పాప అన్న మాట వినగానే ముసలాయన మొహం పాలిపోయింది. మొలలోంచి ఇనప కొక్కెం లాగి సైలెన్సరులోకి దూర్చాడు.

"ఏయ్! ఆగు!"

ఆయన ఆగలేదు. కాలిపోతున్న గొట్టాన్ని ఎడమచేత్తో అదిమిపట్టి ఒక్క గుంజు గుంజాడు. పీచు ఉండ బురదలో పడింది. వెనకే బుస్సున నల్లటి పొగ.

ఇన్‌స్పెక్టరు తల తిప్పి చూశాడు.

బాలశౌరి ముసలాయన చెంప ఛెళ్లుమనిపించాడు.

ఆయన చెంప తడుముకోలేదు. తూలుతూనే వెళ్లి వెనక తలుపు బార్లా తెరిచాడు.

"కొడుదువుగానీ తర్వాత. ముందు పిల్లని దించు!"

"నోటికాడ కూడు పడగొట్టింది చాలక బిడ్డని తడుపుతావా?"

బాలశౌరి రెక్క పట్టుకుని ఆయన్ని బురదలోకి తోసేశాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చి పీచు ఉండని బూటుతో కదిపి చూశాడు.

"ఇదా నీ వేషం? ఎఫ్.సి. లేదు, ఏమీ లేదు. బండి పక్కకి తియ్యి," అని వెళ్లిపోయాడు.

అంతా అయిపోయింది. బాలశౌరి ఇంజను కట్టేసి, వెనక తలుపు వేద్దామని వంగాడు. లోపల్నుంచి పొగ గుప్పుమని కొట్టింది. బయటికి దారి లేక, తుప్పు తిన్న రేకు కన్నాల్లోంచి కారులోకే వచ్చి చేరిన పొగ.

అమల మొహం మీద చినుకులు టపటపా పడుతున్నాయి.

రెప్ప కదల్లేదు.

"అమలా! అమ్మా!"

ఎత్తుకుంటే తల వేలాడిపోయింది. బాలశౌరి పిల్లని భుజాన వేసుకుని వానలో పరుగెత్తాడు. ఎటు పోతున్నాడో తెలియదు.

"మరియమ్మ తల్లీ! కారొద్దు, పర్మిటొద్దు, నా బిడ్డనియ్యి!"

అక్కడే టీ కొట్టు నడిపే సాలేహా ఎదురొచ్చి పిల్లని అందుకుంది. ఒళ్లో బోర్లా వేసుకుని వీపు చరిచింది. ఎంతసేపటికో అమల భళ్లున వాంతి చేసుకుంది. తర్వాత గుక్కపెట్టి ఏడ్చింది.

బాలశౌరి కూడా కూలబడి ఏడ్చాడు.

తేరుకుని చూస్తే ముసలాయన లేడు. ఆయన పడిన చోట గోనెసంచి మాత్రం తడుస్తోంది. గేటు దాకా పరుగెత్తి అటూ ఇటూ చూసి వచ్చాడు.

"ఆయనెవరమ్మా? చేయిచేసుకున్నాను. కాళ్లమీద పడాలి."

"ఎక్కడో కొండపల్లి వైపంట, అన్నా. మూడేళ్లయి, ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజల్లా వస్తాడు. ఎవరో ఒకరి చేత తిట్లో దెబ్బలో తిని పోతాడు. డ్రైవర్లకి పేరు చెప్పడు, నాకే ఓసారి చెప్పాడు."

"ఏం పేరు?"

సాలేహా పిల్ల మూతి తుడుస్తున్నదల్లా ఆగింది.

"ఆమోసు," అంది. "ఆ పీచు మొట్టమొదట కూరింది సొంత కొడుకు కారుకేనంట, అన్నా. వెనక సీట్లో మనవరాలు నిద్రపోతోందని చూసుకోలేదంట."