చివరి కథ

"ఇదేనమ్మా, మా ఆయప్ప రాసిన పుస్తకం" అంది వెంకటమ్మ, అద్దాల పెట్టె మీద చెయ్యి పెట్టి.

యూనివర్సిటీ లైబ్రరీలో 'మన సీమ రచయితలు' పుస్తక ప్రదర్శన మొదలైన రోజది. ఆ పుస్తకం రాసి చనిపోయిన ఆశీర్వాదం మాస్టారి భార్య ఇలా పెనుకొండలో బస్సెక్కి వస్తుందని లైబ్రేరియన్ ప్రేమలత అనుకోలేదు.

"నువ్వు చదివినావా తల్లీ?"

"చదవకుండానే ఈడ పెడతామా అవ్వా! చివరి కథకైతే ఏడుపు ఆపుకోలేకపోయినా." నోటికొచ్చింది అనేసింది ప్రేమలత.

అవ్వ ముఖం వెలిగిపోయింది.

"అది నా కథేనంట! ఏమి రాసినావని అడిగితే సిగ్గుపడి నవ్వేటోడు. నాకా, చదువు రాదు. ఇంట్లో ఒక్క పుస్తకం గూడా మిగల్లేదు, అందరికీ పంచేసినాడు. రోంత చదివి ఇనిపించమ్మా."

చదివేస్తే గండం గడుస్తుందనుకుని ప్రేమలత పుస్తకం బయటికి తీసింది. చివరి కథ దగ్గర తెరవబోతే పుటలు విడలేదు. ప్రెస్సువాళ్లు అంచు కొయ్యడం మరిచిన కాగితాలు మడతల్లోనే ఉండిపోయాయి. ఇన్నేళ్లలో వాటిని విప్పిన చెయ్యే లేదు.

ప్రేమలత చెవులు వేడెక్కాయి. తల ఎత్తలేకపోయింది.

వెంకటమ్మ ఆ మడతను వేలితో తడిమి చూసింది. తర్వాత గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ప్రేమలత చేతిలో పెట్టింది.

"నిదానంగా కొయ్యి తల్లీ. ఇద్దరమూ ఒకేసారి ఏడుద్దాం."