గంగులమ్మ చూసిన గుడి

"ఈ ఇంటి యజమానురాలు ఎక్కడ? అడుగు," అంటూ ఇరాకీ అధికారి దేవన్నను వంటింట్లోకి నెట్టాడు.

దేవన్న కువైట్‌లోని మిష్రిఫ్‌లో పక్క విల్లా తోటమాలి. అరబ్బీ వచ్చిన పాపానికి దుబాసీ పని అంటగట్టారు. ఈ ఇంటాయన కువైట్ సైన్యంలో అధికారి. ఆగస్టులో ఇరాక్ ఆక్రమణ మొదలైన రోజే సౌదీకి తప్పించుకున్నాడు. ఆయన దొరకలేదని ఇప్పుడు ఆయన భార్యను, పనివాళ్లు 'మామా' అని పిలిచే యజమానురాలిని, పట్టుకుపోవడానికి వచ్చారు. దాచినవాళ్లకూ అదే గతి.

లోపల పనిమనిషి గంగులమ్మ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. సింకు దగ్గర మాసిన నైటీ, ముఖాన పసుపు, రూపాయంత బొట్టుతో ఇంకొకామె గిన్నె తోముతోంది. మామా కుర్చీ ఖాళీ కాగానే ఎక్కేసింది మహాతల్లి, అని దేవన్న మనసులో ఈసడించుకున్నాడు.

"మీ మామా ఏడికి పోయింది? సారు అడుగుతున్నడు."

"జులైలోనే బొలీవియా పాయె. కొండల పైన సరస్సు, దాని నడిమధ్య దీవి, ఆ దీవిలో పాతకాలం గుడి. మళ్లా చూడల్లని పోయింది."

దేవన్నకు ఒళ్లు మండింది. పోయినేడాది సామాన్లు మోయడానికి మామా ఈమెను అక్కడికి వెంట తీసుకెళ్లింది. అప్పటి నుంచీ గోడ మీదుగా ఇదే పురాణం. మామా ఎప్పుడు వెళ్లిందో మాత్రం దేవన్నకేం తెలుసు? నాలుగేళ్లలో ఆమె నల్ల బుర్ఖా తప్ప చూసింది లేదు. విన్నది విన్నట్టు అరబ్బీలో చెప్పాడు.

అధికారి వెటకారంగా నవ్వాడు. "గుడి కోసం అంత దూరమా? ఏముందట అందులో?"

"ఏముండాది, మొండి గోడలు. పైకప్పు లేదు, విగ్రహం లేదు. సూర్యుడు ఆ దీవిలోనే పుట్నాడంట. నేను చెప్పులిడిసి దండం పెట్టుకుంటి. ఆడ గాలి ఆడదు, నాలుగు మెట్లకే రొప్పు. మా మామా అయితే సగంలోనే కూలబడి చిన్నపిల్ల మాదిరి ఏడ్సింది. మూటలతో పాటు ఆమెనూ నేనే ఈడ్చుకోని పోతి."

దేవన్న అదంతా అరబ్బీలో చెప్పగానే సింకు దగ్గర గిన్నె ధడేల్మని కింద పడింది. తోముతున్నామె గిర్రున తిరిగి గంగులమ్మను కొరకొర చూసింది.

"ఇదెవరు?" అధికారి చెయ్యి తుపాకీ మీదికి పోయింది.

"మా చిన్నాయన కూతురు, చంద్రావతి. మూగది. ఫహాహీల్‌లో పనికి పెట్టుకున్న కఫీల్ వదిలేసి పోతే నా నెత్తిన పడింది." గంగులమ్మ లేచి వెళ్లి ఆమె చెంప ఛెళ్లుమనిపించింది. "గిన్నె తోమేది చాతకాదు గానీ పొగరు చూడు. ఎత్తు."

ఆమె వంగి గిన్నె ఎత్తింది. కన్నీళ్లు పసుపు మీద చారలు కట్టాయి.

అధికారి చెయ్యి కిందికి దించాడు. "దొరసాని పోతే పనిమనిషే దొరసాని. యల్లా, పదండి," అని నవ్వుకుంటూ సైనికులతో వెళ్లిపోయాడు.

దేవన్న కోపం ఆపుకోలేకపోయాడు. "సిగ్గుండాలె గంగులమ్మా. నోరు లేనిదాన్ని కొడ్తవా? నీకంటె నీ మామానే నయం. ఇన్ని గుళ్లు తిరిగి ఏం నేర్సుకున్నవ్?"

"చెప్పింది చాలు. పో దేవన్నా."

ఛీ అనుకుంటూ బయటికొచ్చి, గుమ్మం పక్కన చెప్పులు తొడుక్కున్నాడు. వీధి మలుపు దాటి సైనికుల జీపు చప్పుడు దూరమైంది. అప్పుడు లోపల గంగులమ్మ అరబ్బీలో అడిగింది.

"గట్టిగా తగిలిందా, మామా?"